తూటా పువ్వులా విచ్చుకుంటుందని మీకు తెలుసా?

ముక్కు దగ్గర చిన్న గుంట ఉన్న తూటాను ‘హాలో పాయింట్’ అంటారు. తడిగా, మెత్తగా ఉన్న దేన్ని తాకినా ఆ గుంట అంచులు రేకుల్లా వెనక్కి విచ్చుకుంటాయి. పిస్టల్ తూటా విషయంలో ఆ పువ్వు పూస్తుందా లేదా అన్నది చాలా వరకు దాని వేగమే తేలుస్తుంది. ఆ వేగం చుట్టూ ఎన్నాళ్లుగానో పోగేసుకున్న వింతలు ఇవి. వీటిలో కొన్ని కంసాలి తక్కెడలో దొరికాయి, కొన్ని రైలు చరిత్రలో, ఒకటి కడలూరు కోటలో!

★ ఒకే తూటాకు మూడు రూపాలు! నెమ్మదిగా వెళ్తే మొగ్గలా ముడుచుకునే ఉంటుంది, తగిన వేగంతో వెళ్తే పువ్వవుతుంది, మరీ వేగంగా వెళ్తే రేకులు రాలి ముక్కలవుతుంది. అందుకే తయారుచేసేవాళ్లు ప్రతి తూటాకూ ‘ఇంత వేగం నుంచి ఇంత వేగం దాకా’ అని ఒక హద్దు ముందే అనుకుని గుంట లోతు, రాగి తొడుగు మందం, సీసం మెత్తదనం అన్నీ దానికి తగ్గట్టు అమర్చుకుంటారు.

★ సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళ్లే 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటా నీటిని తాకిందనుకోండి. దాని ముక్కు మీద పడే ఒత్తిడి ఎంతో ఊహించగలరా? మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 600 రెట్లు! సముద్రంలో 6 కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడి దాదాపు ఇంతే. గుంటలోకి జొరబడిన నీరు ఆ బలంతో లోపలి నుంచి గోడలను బయటికి తోస్తుంటే, సీసం లాంటి మెత్తటి లోహం ఎలా తట్టుకుంటుంది?

★ అదే తూటా 250 మీటర్ల వేగంతో వెళ్తే ఒత్తిడి సగానికి సగం పడిపోతుంది! వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. కాబట్టి వేగంలో కాస్త తేడా వచ్చినా పువ్వుకు చాలా పెద్ద తేడా వస్తుంది.

★ మరి గాలిలో వెళ్తున్నప్పుడే ఎందుకు విచ్చుకోదు? నీటి కంటే గాలి దాదాపు 800 రెట్లు పలచన! ఎదురుగాలి తూటా ముక్కు మీద పెట్టే ఒత్తిడి సైకిల్ ట్యూబులో గాలి ఒత్తిడి కంటే తక్కువ. రాగి తొడుగుకు అదొక లెక్కే కాదు.

★ పువ్వు విచ్చుకోవడానికి పట్టే సమయం సుమారు సెకనులో 6,000వ వంతు. తూటా మొదటి రెండంగుళాలు దాటేలోపే పని ముగుస్తుంది. మీరు సెకనులో పదో వంతులో ఒకసారి రెప్ప వేశారనుకుందాం. ఆ లోపు ఒకదాని తర్వాత ఒకటిగా 600 పువ్వులు పూయొచ్చు!

★ 9 మిల్లీమీటర్ల తూటా విచ్చుకుంటే సుమారు 15 మిల్లీమీటర్లవుతుంది. చూడ్డానికి అదేమంత పెద్ద తేడా అనిపించదు. కానీ ముఖం వైశాల్యం లెక్కేస్తే దాదాపు 2.8 రెట్లు!

★ వేగం పెరిగితే తూటా ఇంకా లోతుకు పోవాలి కదా? చాలాసార్లు తక్కువ లోతులోనే ఆగిపోతుంది! ఎక్కువ వేగంతో తగిలిన తూటా త్వరగా, వెడల్పుగా విచ్చుకుని, గాలికి తెరుచుకున్న గొడుగులా తనకు తానే అడ్డుపడుతుంది. ముక్కు మూసి ఉన్న మామూలు తూటా పరీక్షల కోసం వాడే జెలటిన్‌లో రెండడుగులు దాటి పోతుంటే, బాగా విచ్చుకున్నది అందులో సగం దూరానికే నిలిచిపోతుంది.

★ ఇదే వింత నీటిలో ఇంకా బాగా కనబడుతుంది. ‘మిత్‌బస్టర్స్’ టీవీ కార్యక్రమం వాళ్లు ఈత కొలనులోకి కాల్చి చూశారు. ధ్వనిని మించిన వేగంతో దూసుకెళ్లే రైఫిల్ తూటాలు మూడడుగుల నీటిలోనే ముక్కలు ముక్కలయ్యాయి! నెమ్మదిగా వెళ్లే పిస్టల్ తూటా జోరు తగ్గడానికి మాత్రం ఎనిమిదడుగుల దాకా నీరు కావాల్సి వచ్చింది. వేగం పెరిగేకొద్దీ నీరు గోడలా గట్టిబడినట్టే ఉంటుంది. చెరువులోకి పొట్ట బోర్లా దూకినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

★ తూటాల పరీక్షలు మామూలుగా దేని మీద చేస్తారో తెలుసా? జెల్లీ మీద! చప్పరించే జెల్లీ మిఠాయిలను గట్టిపరిచే జెలటిన్‌నే నీటిలో 10 శాతం కలిపి, 4 డిగ్రీల చలిలో ఉంచి, ఆ దిమ్మ మీద కాలుస్తారు. అది కండరంలా తూటాను నెమ్మదింపజేస్తుంది, గాజులా లోపలి దారిని చూపిస్తుంది.

★ ఆ జెల్లీ సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తేలుస్తారు? జాతరలో బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్ గుర్తుందా? దాదాపు అదే సైజు ఉక్కు గుండును సెకనుకు 180 మీటర్ల వేగంతో దిమ్మలోకి కొడతారు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఆగితేనే ఆ జెల్లీ పనికొస్తుంది. పాకం ముదిరిందో లేదో వేళ్ల మధ్య పట్టి చూసుకునే మన అరిసెల పద్ధతికి ఇది దూరపు చుట్టం!

★ అమెరికా ఎఫ్.బి.ఐ. ప్రమాణం ప్రకారం పిస్టల్ తూటా ఆ జెల్లీలో 12 అంగుళాలకు తగ్గకుండా, 18 అంగుళాలు దాటకుండా పోవాలి. మన కొలతల్లో చెప్పాలంటే అడుగుకు తగ్గొద్దు, మూర దాటొద్దు. ఈ కొలత వెనక ఒక విషాదం ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దొంగల్లో ఒకడికి మొదట్లోనే తగిలిన 9 మిల్లీమీటర్ల హాలో పాయింట్ తూటా చక్కగా విచ్చుకుంది కానీ గుండెకు అంగుళం ఇవతలే ఆగిపోయింది. విచ్చుకోవడం ఒక్కటే చాలదని, లోతు కూడా కావాలని ఆ రోజు తర్వాతే ఎఫ్.బి.ఐ. కొత్త పరీక్షలు మొదలుపెట్టింది.

★ ఉక్కును ఢీకొట్టే తూటాను ఓడించేది ఏమిటో చెప్పుకోండి! జీన్స్ ప్యాంటు! గుడ్డను చీల్చుకుపోయేటప్పుడు నూలు ముక్క గుంటలో కుక్కుకుపోతుంది. ఇక తడి లోపలికి చొరబడే దారే ఉండదు, గుంట ఉన్న తూటా కాస్తా గుంట లేని తూటాలా ప్రవర్తిస్తుంది. అందుకే జెల్లీ ముందు నాలుగు పొరల డెనిమ్ కట్టి కూడా పరీక్షిస్తారు.

★ ఈ గుడ్డ బెడదకు విరుగుడుగా వచ్చిన ఉపాయాల్లో ఒకటి గుంటను ముందే రబ్బరు లాంటి మెత్తటి బిరడాతో మూసేయడం! తగలగానే ఆ బిరడా వెనక్కి నొక్కుకుపోయి గోడలను తోస్తుంది కాబట్టి గుడ్డకు చోటే దొరకదు.

★ ఇప్పుడు కంసాలి తక్కెడ దగ్గరికి వద్దాం. తూటాల బరువును ‘గ్రెయిన్’లలో చెబుతారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. చాలా పిస్టళ్లలో వాడే 9 మిల్లీమీటర్ల తూటాకు బాగా వాడుకలో ఉన్న ఒక బరువు 124 గ్రెయిన్లు. అంటే 8 గ్రాములు, అంటే సరిగ్గా మన ‘కాసు’! కాసుకు ఆ బరువు తెచ్చిపెట్టిన ఇంగ్లీషు బంగారు సవరన్ 123 గ్రెయిన్ల పైచిలుకు తూగుతుంది.

★ కాసు కుదిరింది, మరి తులం? అదీ కుదురుతుంది! పాత తులం కచ్చితంగా 180 గ్రెయిన్లు. బ్రిటిషు వాళ్ల కాలపు వెండి రూపాయి బరువూ అదే. ‘పాయింట్ 40’ రకం పిస్టల్ తూటాల్లో బాగా వాడుకలో ఉన్న బరువు ఎంతనుకున్నారు? 180 గ్రెయిన్లు! (ఇప్పుడు నగల దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములే. పాత తులం 11.66 గ్రాములు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఈ తేడాను ఇప్పటికీ మరిచిపోరు.)

★ సినిమాలో తూటా తగలగానే విలన్ అద్దాలు పగలగొట్టుకుని పది అడుగులు వెనక్కి ఎగిరిపడతాడు కదా? నిజానికి 70 కిలోల మనిషిని 9 మిల్లీమీటర్ల తూటా నెట్టగలిగేది సెకనుకు 4 సెంటీమీటర్ల వేగంతో! చీమల బారు అంతకంటే పెద్ద వెనకబడదు.

★ తూటా, క్రికెట్ బంతి పందెం వేస్తే ఎవరిది గెలుపు? 2003 ప్రపంచకప్‌లో షోయబ్ అఖ్తర్ గంటకు 161.3 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతిని తీసుకుందాం. తోపుడు బలంలో, అంటే ద్రవ్యవేగంలో, ఆ బంతి మన ‘కాసు’ తూటా కంటే రెండున్నర రెట్లు ఎక్కువ! శక్తిలో మాత్రం తూటాదే పైచేయి, మూడు రెట్లు. బంతి 20 రెట్లు బరువైనా ఓడిపోవడానికి కారణం శక్తి లెక్కలో వేగాన్ని దానితోనే మరోసారి గుణించాల్సి రావడం. హాలో పాయింట్ తన రేకులు వంచుకోవడానికి ఖర్చుపెట్టేది ఈ శక్తినే.

★ పిస్టల్ గొట్టంలో తూటా గడిపే సమయం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ! ఆ నాలుగంగుళాల దారిలో అది సున్నా నుంచి ధ్వని వేగానికి చేరాలి. అంటే భూమి లాగే లాగుడుకు సగటున 60,000 రెట్ల తోపు.

★ గొట్టంలోని మెలికల గాడుల వల్ల తూటా బొంగరంలా తిరుగుతూ బయటికొస్తుంది. ఎంత వేగంగా? నిమిషానికి 84,000 చుట్లు! మన ఇంటి సీలింగ్ ఫ్యాన్ 350 చుట్లు తిరిగితే గొప్ప.

★ అయితే దీని వెనకే ఇంకో వింత దాక్కుంది. అంత జోరుగా తిరిగే తూటా మూరెడు దూరం వెళ్లేలోపు రెండు చుట్లు కూడా పూర్తి చేయదు! తిరుగుడు కంటే పరుగు అంత ముందుంటుంది మరి.

★ జేబులో పట్టే చిట్టి పిస్టల్ పెద్ద పిస్టల్‌లో వాడే తూటానే కాల్చినా పువ్వు పూయకపోవచ్చు! గొట్టం పొట్టిదైతే మందు వాయువులు తూటాను తోసే దూరం తగ్గుతుంది, ఒక్కో అంగుళానికి సెకనుకు పది మీటర్ల దాకా వేగం తరుగుతుంది. అందుకే పొట్టి గొట్టాలకంటూ వేరే తూటాలు చేస్తారు. వాటి గుంట వెడల్పు, గోడ మెత్తన.

★ ‘పాయింట్ 38’ రివాల్వర్ తూటా వ్యాసం 0.38 అంగుళం కాదు! అది 0.357 అంగుళమే. పాత రోజుల్లో మందు ఉండే డొప్ప వెడల్పును బట్టి పెట్టిన పేరు అలా ఉండిపోయింది. 1935లో వచ్చిన ‘పాయింట్ 357 మాగ్నమ్’ తూటా కూడా అదే వ్యాసం, కానీ దాని వేగం మాత్రం సెకనుకు 440 మీటర్ల దాకా పోతుంది. నెమ్మది తూటా కోసం మెత్తగా చేసిన ముక్కును ఈ వేగంతో పంపితే పువ్వుకు బదులు పొడి మిగులుతుంది.

★ ‘బుల్లెట్’ అనే మాటకు అసలు అర్థం చిన్న ఉండ! ఫ్రెంచి ‘బులెత్’ నుంచి వచ్చింది. మనవాళ్లు ‘గుండు’ అన్నప్పుడు కూడా కళ్ల ముందు కదిలింది ఆ గుండ్రటి రూపమే.

★ తుపాకీ గుండు వేగాన్ని శాస్త్రీయంగా కొలిచే దారి చూపిన మనిషి మన దక్షిణాదిలోనే కన్నుమూశాడని తెలుసా? ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ ఒక బరువైన దిమ్మను లోలకంలా వేలాడదీసి, గుండు తగిలాక అది ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. 1742లో తన పుస్తకంలో ఆ పద్ధతిని వివరించాడు. మూడేళ్లకే మహా గణితవేత్త ఆయిలర్ ఆ పుస్తకాన్ని జర్మన్‌లోకి తెచ్చాడంటే దాని విలువ ఎంతో చూడండి! తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయడానికి రాబిన్స్ ఇక్కడికి వచ్చాడు. 1751 జులై 29న కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. ఇంటర్ ఫిజిక్స్‌లో ‘దిమ్మలో దిగబడిన బుల్లెట్’ లెక్కతో కుస్తీ పట్టారా? అయితే మీరు పట్టుకున్నది ఆయన లోలకాన్నే!

★ ఆ జులై 29 తేదీని మనసులో ఉంచుకోండి. 1899లో సరిగ్గా ఆ రోజునే నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, ఒంట్లో సులువుగా విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడకూడదని దేశాలు రాసుకున్నాయి! గుండు వేగం కొలిచిన మనిషి వర్ధంతి, విచ్చుకునే గుండు మీద నిషేధం, రెండూ ఒకే తేదీన. నా మూటలో నాకు బాగా ఇష్టమైన ముత్యం ఇది.

★ ఆ నిషేధానికి దారితీసిన తూటా పేరు ‘డమ్‌డమ్’. అది కాల్చిన చప్పుడు కాదు, ఊరి పేరు! కోల్‌కతా పక్కనున్న దమ్‌దమ్‌లోని ఆయుధాగారంలో 1890లలో కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే అనే అధికారి ఆ తూటాను రూపొందించాడు. అంతకుముందు వచ్చిన సన్నటి రైఫిల్ తూటాలు వేగంగా దూసుకుపోతున్నా శత్రువును ఆపడం లేదని సైన్యం చెప్పడంతో, ఆయన ముక్కు దగ్గర లోహపు తొడుగును కాస్త తీసేసి లోపలి సీసం కనబడేలా వదిలాడు. తమాషా ఏమిటంటే, అసలు డమ్‌డమ్ తూటాకు గుంటే లేదు! గుంట పెట్టిన రకాలు ఆ తర్వాత ఇంగ్లండులో తయారయ్యాయి.

★ ఆ దమ్‌దమ్ మామూలు ఊరనుకున్నారా! 1857 జనవరిలో కొత్త తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట పుట్టింది అక్కడే. సిపాయిల తిరుగుబాటుకు నిప్పు రాజుకున్న చోట్లలో అదొకటి. తర్వాతి కాలంలో హెచ్.ఎం.వి. గ్రామఫోను రికార్డుల ఫ్యాక్టరీ కూడా ఆ ఊరికే వచ్చింది. మన ఇళ్లలో మోగిన పాత పాటల పళ్లేలు ఎన్నో అక్కడ అచ్చయినవే!

★ హేగ్ మాటకు ముప్పై ఏళ్ల ముందే, 1868లో, ఇంకో కట్టుబాటు జరిగింది. 400 గ్రాముల కంటే తేలికైన పేలుడు గుండ్లు యుద్ధంలో వాడకూడదని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. అంటే చిన్న గుండుకు నిషేధం, పెద్ద ఫిరంగి గుండుకు అనుమతి!

★ యుద్ధంలో తప్పయిన తూటా వేటలో తప్పనిసరి! ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం ప్రకారం రైఫిల్‌తో జింకను కొట్టాలంటే మెత్తటి ముక్కు తూటా గానీ, గుంట ఉన్న తూటా గానీ వాడాల్సిందే. జంతువు గాయంతో పారిపోయి రోజుల తరబడి బాధపడకూడదన్నది అందులోని ఆలోచన.

★ పోలీసులకు యుద్ధ నిషేధం వర్తించదు. న్యూయార్క్ నగర పోలీసులు హాలో పాయింట్‌కు మారుతున్నట్టు 1998లో ప్రకటించారు. వాళ్లు చెప్పిన పెద్ద కారణం దారినపోయే జనాల ప్రాణం! విచ్చుకున్న తూటా లోపలే ఆగిపోతుంది కాబట్టి, అవతలికి దూసుకొచ్చి వెనకున్న అమాయకుడికి తగిలే ముప్పు తగ్గుతుంది.

★ రైలును చూసి తుపాకీకి పేరు పెట్టారంటే నమ్ముతారా? 1856లో లండన్ తుపాకుల తయారీదారు జేమ్స్ పర్డీ తన వేగమైన వేట రైఫిళ్లను ‘ఎక్స్‌ప్రెస్ ట్రెయిన్’ అన్నాడు. అప్పటి నుంచి ‘ఎక్స్‌ప్రెస్ రైఫిల్’ అన్న మాట నిలిచిపోయింది. ఈ రైఫిళ్ల తూటాలకు ముక్కు దగ్గర గుంట తొలవడం వాడుకైంది. గుంట తొలిస్తే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, ఆ వేగమే గుంటను విప్పుతుంది. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు! అన్నట్టు, మద్రాసు రాయపురం నుంచి దక్షిణ భారతపు మొదటి ప్రయాణికుల రైలు కదిలింది కూడా ఆ 1856లోనే, జులై 1న.

★ కాలిఫోర్నియాలో తూటాల లోహాన్ని మార్పించింది ఒక రాబందు! కాల్చిన జంతువుల అవశేషాల్లోని సీసం ముక్కలు తిని కాండోర్ పక్షులు విషంతో చనిపోతుండేవి. 1982 నాటికి లోకం మొత్తంలో 22 మాత్రమే మిగిలాయి. ఇప్పుడు ఆ రాష్ట్రంలో వేటకు సీసం తూటాలు వాడకూడదు. బదులుగా వచ్చిన పూర్తి రాగి తూటాలు సీసం కంటే గట్టివి. అందుకే వాటికి ఇంకాస్త లోతైన గుంట కావాలి, విచ్చుకోవడానికి ఇంకాస్త వేగం కావాలి.

★ వేగంగా వెళ్లే తూటా ముందు గాలి మడతపడి అలలా నిలబడుతుంది. దాన్ని మొదట ఫొటోలో పట్టింది 1880లలోనే! ఎర్నెస్ట్ మాఖ్, పీటర్ సాల్కర్ ఆ చిత్రాలను 1887లో వెలువరించారు. విమానాల వేగాన్ని చెప్పే ‘మాక్’ అన్న మాట ఆ మాఖ్ పేరే.

★ ఆపిల్ పండును చీల్చుకుని వెళ్తున్న తూటా ఫొటో చూశారా? 1964లో అమెరికాకు చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ తీశారు. వెలుగు మెరిసింది సెకనులో పది లక్షో వంతు కంటే తక్కువ సేపే, అందుకే తూటా గాలిలో మేకు కొట్టినట్టు నిలబడి కనిపిస్తుంది. ఈసారి చూసినప్పుడు జాగ్రత్తగా గమనించండి. బయటికొచ్చిన వైపే కాదు, లోపలికి దూరిన వైపు కూడా పండు పేలింది!

★ ఆఖరున ఒక పొడుపు ప్రశ్న. సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళ్లే తూటా లంబసింగి శీతాకాలపు తెల్లవారుజామున ధ్వనిని ఓడిస్తుంది. అదే తూటా రెంటచింతల వడగాడ్పుల మధ్యాహ్నం ధ్వని చేతిలో ఓడిపోతుంది. ఎందుకో చెప్పండి చూద్దాం! తూటా మారలేదు, వేగం మారలేదు. గాలి వేడెక్కేకొద్దీ ధ్వని పరుగు పెరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు వెళ్లే శబ్దం 45 డిగ్రీల ఎండలో 358 మీటర్లు పరిగెడుతుంది!